దిద్దిన లోతు

మధ్యాహ్నం రెండూ పదికి ఇన్‌స్పెక్టర్ ఆ గదిలోకి అడుగుపెట్టేసరికి, ఆమెను తీసుకుపోయే బండి అప్పుడే వచ్చి కింద నిలబడి ఉంది. తీసుకుపోవలసింది నాలుగింటికి. ఇంకా గంటా యాభై నిమిషాలుండగానే బండి తయారు! పెళ్ళివారికన్నా ముందు బాజావాళ్ళొచ్చినట్టు, అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్, చిరాగ్గా.

డిపార్టుమెంటులో అతన్ని అందరూ గడియారం అంటారు. ఎదుటివాడు ఏడుస్తూ కాళ్ళమీద పడి "నేనే చేశాను సార్" అన్నా సరే, "ఎన్నింటికి?" అని అడిగే రకం. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో దొంగతాళాలు చూశాడు, దొంగ సంతకాలు చూశాడు, దొంగ ఏడుపులైతే లెక్కే లేదు. సముద్రం కేసు మాత్రం ఇదే మొదలు. నీళ్ళని తాగడానికీ స్నానానికీ తప్ప ఇంకో పనికి వాడని మనిషి. అలాంటివాణ్ణి ఈ పొద్దున పట్టుకొచ్చి నౌకాదళం భవనంలో పడేశారు. కారణం అతని తెలివి కాదు, అతని సంతకం. పౌర ఉద్యోగిని సైన్యానికి అప్పజెప్పాలంటే పోలీసు అధికారి ఒకడు విచారించి, "అనుమానం సబబే" అని రాసి సంతకం చెయ్యాలట. ఆ సంతకం కోసమే కింద బండి కాచుకుని ఉంది.

ఇంతకీ జరిగింది ఇది. ఈ దేశానికీ పక్క దేశానికీ నడుమ ఒక సముద్రం, అందులో నీటి మట్టానికి తేలీ తేలని దిబ్బలు. అవి మావంటే మావని రెండు దేశాలూ ముప్పై ఏళ్ళుగా కొట్టుకుంటున్నాయి. ఆ గొడవను ఎలా నెట్టుకురావాలో ఈ భవనంలో ఎనిమిది నెలలు కూర్చుని ఒక వ్యూహం రాశారు. మూడొందల పేజీలు. పొద్దున్నించీ చదివిన ఇన్‌స్పెక్టరుకి అర్థమైంది మూడు ముక్కలే: పోట్లాడొద్దు, వదులుకోవద్దు, వారం వారం కనపడుతూ ఉండు. దానికి తోడు ఒక పటం. ఏ దిబ్బ పక్కన కావలి ఓడ నిలబడాలి, ఏ సందులోంచి లోపలికి పోవాలి, ఎక్కడ నీళ్ళు ఎంత లోతు, అన్నీ అందులో ఉన్నాయి. అసలుది ఒకటి, నకళ్ళు నాలుగు, అన్నీ చేత్తో గీసినవే. కంప్యూటర్లో పెడితే ఎవడైనా దొంగిలిస్తాడని పెద్దల పట్టు. చివరికి ఏమైంది? ఈ పొద్దున పక్క దేశం పేపర్లో, మొదటి పేజీలో, ఆ పటం నిక్షేపంలా అచ్చయి కూర్చుంది.

బల్లకి అటువైపు కూర్చున్నది ఆ పటం గీసినావిడ. ముప్పై రెండేళ్ళు. కుడిచేతి బొటనవేలి గోటి అంచున నల్ల సిరా, ఎన్నాళ్ళు కడిగినా పోనంతగా ఇంకిపోయింది.

"అసలు పటం ఎప్పుడు పూర్తయిందమ్మా?"

"సోమవారం సాయంత్రం ఐదున్నరకండి."

"నకళ్ళు?"

"మంగళవారం ఆరింటికి నాలుగూ కమాండర్ గారి చేతికిచ్చేశాను. అసలుది నా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను."

"తాళంచెవి?"

"ఇదుగో, మెళ్ళోనే ఉంది. మంగళవారం నుంచీ తియ్యలేదు."

"ఇంకో తాళంచెవి ఉందా?"

"లేదండీ."

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టాడు. "కాస్త ఆలోచించుకుని చెప్పు తల్లీ. ఇంకోటి ఉందంటే నీకే మంచిది."

"లేనిది ఉందని ఎలా చెప్పనండీ?" అందామె. "ఆ బీరువా నేను తప్ప ఎవరూ తెరవలేదు. నేనూ ఎవరికీ ఇవ్వలేదు. రెండూ నిజమే. రెండూ ఎలా నిజమవుతాయో నాకూ తెలీడం లేదు. ఇంట్లో చంటిదానికి వారం నుంచీ జ్వరం. నాలుగింటికి వీళ్ళు నన్ను తీసుకెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడు పంపుతారండీ?"

ఆ ప్రశ్నకు జవాబు ఇన్‌స్పెక్టరుకి తెలుసు. అందుకే చెప్పలేదు. తన మెడకు తానే ఉరి పేనుకుంటూ నిజం చెప్పే మనిషిని చూస్తే అతనికి ముచ్చటా వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఇప్పుడు రెండూ కలిసి వచ్చాయి.

తలుపు కొట్టకుండానే తోసుకుని కమాండర్ లోపలికొచ్చాడు. ఈ భవనంలో రహస్యాల కాపలా అంతా అతనిదే. ఇస్త్రీ మడతలకు చెయ్యి తెగుతుందేమో అనిపించే మనిషి.

"సంతకం అయిందా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"ఇంకా విచారణే అవలేదు సార్."

"విచారించడానికేముంది? రుజువు పొద్దునే చెప్పాను. మీకు అర్థం కాకపోతే ఇంకోసారి చెప్తాను."

"చెప్పండి. నాకు నిజంగానే అర్థం కాలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అందులో వెటకారమేమీ లేదు.

ఆమెను పక్క గదికి పంపించి కమాండర్ కూర్చున్నాడు. "మంగళవారం ఆరింటికి నకళ్ళు నా చేతికొచ్చాయి. ఆ రాత్రి నాలుగింటిలోనూ ఒక్కో లోతు అంకె మార్చాను. బ్లేడుతో గీకి, నల్ల సిరాతో, నా చేత్తో నేనే. ఒక్కో నకలులో ఒక్కో చోట. ఏ చోట ఏ అంకె మార్చానో రాసిన కాయితం సీలు వేసి నా జేబులో ఉంది. మంత్రిగారికి కూడా తెలీదు. ఎందుకు మార్చానంటే, పటం బయటికి పొక్కితే అందులో ఉన్న తప్పును బట్టి ఎవరి నకలో ఇట్టే దొరికిపోతుంది."

"బావుంది. పేపర్లో వచ్చినదాంట్లో ఏ తప్పుంది?"

"అదే కదా సంగతి. ఏ తప్పూ లేదు. నాలుగు చోట్లా అంకెలు సరిగ్గా ఉన్నాయి. తప్పు లేని పటం లోకంలో ఒక్కటే, అసలుది. అది ఎవరి బీరువాలో ఉంది? తాళంచెవి ఎవరి మెళ్ళో ఉంది?"

బోడిగుండుకీ మోకాలికీ ముడి వేశాడని కొట్టిపారేద్దామంటే వీల్లేదు, ముడి గట్టిగానే ఉంది. ఇన్‌స్పెక్టరు తల గోక్కున్నాడు. దొంగతనం చేసినవాళ్ళెవరైనా ఇంకో తాళంచెవి ఉందని చెప్పి బయటపడతారు. ఈవిడ లేదంటోంది. దొంగ కాదనుకుందామంటే తప్పులేని పటం గాల్లోంచి ఊడిపడదు. ఒకవైపు నుంచి చూస్తే ఆమే, రెండోవైపు నుంచి చూస్తే ఆమె కానే కాదు. అతనికి బుర్ర గిర్రున తిరిగింది.

"నకళ్ళు ఎవరెవరికిచ్చారు?"

"మంత్రిగారికి, దళాధిపతికి, విదేశాంగ కార్యదర్శికి, కావలి ఓడ కెప్టెన్‌కి. బుధవారం పదింటికల్లా అందరికీ నేనే స్వయంగా ఇచ్చాను, ఓడది కూడా ఓడెక్కి ఇచ్చాను. అందరూ నికార్సయినవాళ్ళే."

"అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం," అని గొణుక్కున్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏమన్నారు?"

"ఏం లేదు. ఆ ఓడ ఇప్పుడెక్కడ?"

కమాండర్ మొహం గంటుపెట్టుకున్నాడు. "నిన్న తెల్లవారి ఐదింటికి బయల్దేరింది. అరవై రెండు మంది. పటం అచ్చయ్యాక దారి అందరికీ తెలిసిపోయింది కదా, మా మాట అందేదాకా దిబ్బలకి ఇవతలే ఆగాలని ముందే చెప్పి పంపాం కాబట్టి సరిపోయింది. రోజుకొక్కసారే, సరిగ్గా నాలుగింటికి, రెండు నిమిషాలు మాత్రం దాంతో మాట్లాడతాం. దొంగ దొరికితే ఇవాళ నాలుగింటికి ఓడకి కొత్త దారి పంపాలి. దొరక్కపోతే వెనక్కి రమ్మనాలి. వెనక్కి వచ్చిందంటే రేపే ఆ దిబ్బల మీద వాళ్ళ జెండా ఎగురుతుంది. ఎనిమిది నెలల వ్యూహం బూడిదలో పోసిన పన్నీరే. అర్థమైందా మీ సంతకం విలువ?"

"నా సంతకానికి అంత విలువుంటే అదాటున పెట్టకూడదు సార్. పటాల గది చూడాలి."

"మా వాళ్ళు రెండుసార్లు చూశారు."

"మూడోసారి నేను చూస్తాను. అనుమానం సబబో కాదో రాయాల్సింది మీరైతే ఇప్పుడే కాయితం ఇలా ఇవ్వండి, మీ పేరు కింద మీరే సంతకం పెట్టుకుందురుగాని."

కమాండర్ గడియారం చూసుకున్నాడు. "రెండూ నలభై అయింది. పదండి."

పటాల గది పొడుగ్గా ఉంది. ఉత్తరం వైపంతా కిటికీలే. ఒక కొసన పటం గీసినావిడ బల్ల: నల్ల సిరా బుడ్లు, కలాలు, బిగించిన తెల్ల కాయితం. రెండో కొసన ఇంకో బల్ల. దాని ముందు అరవైకి దగ్గరపడిన మనిషి నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కోటు అంచులు పట్టుకున్నాడు. పటాలు దిద్దే ఉద్యోగం. సముద్రంలో కొత్తగా దిబ్బ లేచినా, దీపస్తంభం ఆరిపోయినా, నీళ్ళమీద తేలుతూ దారి చూపే బోయా జరిగినా ఆ మార్పు పాత పటాలమీద దిద్దడం ఆయన పని. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. గదిలో అందరూ మాష్టారంటారు. పక్క గదిలో కూర్చున్న ఆవిడ ఆయన కూతురు.

ఈ సంగతి తెలియగానే ఇన్‌స్పెక్టరుకి అయోమయం ఇంకాస్త ముదిరింది. తండ్రి ఒక కొసన, కూతురు ఒక కొసన, మధ్యలో దేశ రహస్యం!

"మాష్టారూ, మీ పని ఎలా చేస్తారో కాస్త చెప్పండి. నాకు సముద్రం తెలీదు."

పని మాట ఎత్తేసరికి మాష్టారి గొంతు కుదుటపడింది. "గీయడం నల్ల సిరాతోనండీ, దిద్దడం ఊదా సిరాతో. ఏది మొదట ఉంది, ఏది తర్వాత మారింది అని ఓడ నడిపేవాడికి చూడగానే తెలియాలి. దిద్దిన ప్రతిసారీ పటం అంచున తేదీ వేస్తాం. ఈ రిజిస్టర్లో పటం నంబరు, ఎక్కడ ఏం దిద్దామో రాస్తాం. ముప్పై ఒక్కేళ్ళయింది, రాయకుండా చుక్క కూడా పెట్టలేదు. ఒక్క అంకె తేడా వస్తే ఓడ అడుగు చీలుతుందండీ. మాకు అలా అలవాటైపోయింది. తప్పు అంకె కనిపిస్తే నిద్ర పట్టదు."

ఇన్‌స్పెక్టరు రిజిస్టరు తిరగేశాడు. గళ్ళన్నీ నిండుగా ఉన్నాయి. ముత్యాల్లాంటి రాత, పేజీలకి పేజీలు. బుధవారం దగ్గర వేలు ఆగింది. 'ఓడ పటం. దక్షిణం సందు దగ్గర కొత్త బోయా.' వేళ పదకొండూ ఇరవై. పటం నంబరు గడి ఖాళీ.

"ఇదేంటి మాష్టారూ?"

"అదా... మర్చిపోయి ఉంటానండీ."

"ముప్పై ఒక్కేళ్ళలో ఇంకెక్కడైనా మర్చిపోయారా?"

వెనకనుంచి కమాండర్ అందుకున్నాడు. "ఒక్కో ఓడలో యాభై పటాలుంటాయి. నంబరు రాయకపోవడం నేరమా? మా వాళ్ళు ఇది కూడా చూశారు."

"చూసి ఉంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతని చూపు అప్పటికే బల్ల మీద పరిచిన అద్దుడు కాయితం మీద పడింది. దానినిండా ఊదా మచ్చలు. మధ్యలో మినపగింజంత నల్ల మచ్చ ఒకటి. అతను సముద్రం ఎరగడు కానీ, బల్లల సంగతి ఎరుగును. ఎవడి బల్లమీద ఉండకూడనిది ఉంటే వాణ్ణి అడగాలి.

"మాష్టారూ, ఈ బల్ల మీద నల్ల సిరా ఉంటుందా?"

"ఉండదండీ. అది అమ్మాయి బల్ల మీదే..."

ఇన్‌స్పెక్టరు గోడమీది అద్దం దగ్గరికి ఆ కాయితం తీసుకెళ్ళి ఎత్తి పట్టుకున్నాడు. అద్దంలో ఆ మచ్చ తిరగబడి శుభ్రంగా కనిపించింది. అంకె. రెండు.

"ఎన్నింటికి రాశారు ఈ రెండు?"

మాష్టారు కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు. "మా అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదండీ."

"నేను ఆవిడ గురించి అడగలేదు."

"వారం రోజులుగా దానికి నిద్ర లేదు. రాత్రంతా పిల్లని భుజాన వేసుకుని తిరిగి, పొద్దున్నే ఇక్కడికొచ్చి చెయ్యి వణక్కుండా గీతలు గీస్తోంది. మనిషన్నాక ఒక అంకె తప్పు పడకుండా ఉంటుందా?" కోపంగా అన్నాడు మాష్టారు. ఎవరి మీద కోపమో ఆయనకే తెలిసినట్టు లేదు. "చెప్పను. చెప్తే దాని ఉద్యోగం పోతుంది. దొంగ అనే మాట ఇవాళ కాకపోతే రేపు అబద్ధమని తేలుతుంది. చేతకానిదనే మాట మాత్రం జన్మకి పోదు ఈ పనిలో."

అప్పుడు, ఒక్కసారిగా, ఇన్‌స్పెక్టరుకి పొద్దున్నించీ కమ్మిన మబ్బు కాస్త విడింది. అతను ఇంకో కుర్చీ లాక్కుని ఆయన మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"పెద్దాయనా, నేను చెప్పేది వినండి. మీ అమ్మాయి తప్పు రాయలేదు. ఇదిగో ఈ కమాండర్ గారు కావాలని ఒక్కో నకలులో ఒక్కో తప్పు పెట్టారు, దొంగని పట్టుకోడానికి. పేపర్లో వచ్చిన పటంలో ఆ తప్పులు లేవు. అందుకే అది అసలు పటమనీ, ఇచ్చింది మీ అమ్మాయేననీ అంటున్నారు. నాలుగింటికి తీసుకెళ్ళిపోతారు. మీరు ఆ బల్ల మీద ఏం చేశారో చెప్తేనే ఆవిడ బయటపడేది."

మాష్టారు నోరు తెరిచి కమాండర్ వైపు చూశాడు. "తప్పు... మీరు పెట్టారా? ఓడ పటంలోనా?" ఆయన గొంతులో భయం పోయి, అసహ్యం వచ్చింది. "మీకు బుద్ధుందా అండీ?"

ముప్పై ఒక్కేళ్ళలో పై అధికారిని ఆయన అలా అన్నది అదే మొదటిసారి అయ్యుంటుంది.

"బుధవారం ఓడ పటం దిద్దుబాటుకి వచ్చింది," అన్నాడాయన, గబగబా. "కొత్త బోయా గుర్తు పెట్టాలన్నారు. రహస్య పటం, నంబరు రాయొద్దన్నారు, రాయలేదు. బోయా ఊదా సిరాతో పెట్టాను. పెడుతుంటే పక్కనే, సందు మొదట్లో, లోతు ఏడు అని ఉంది. అక్కడ ఏడెక్కడిదండీ? రెండు మీటర్లు. కొలత కాయితాలు నేనే సరిచూశాను. ఓడ నాలుగు మీటర్లు మునుగుతుంది. అమ్మాయి పొరపాటు పడిందనుకున్నాను. ఊదా సిరాతో దిద్దితే అందరికీ తెలుస్తుంది కదా. దాని బల్ల మీది నల్ల సిరా తీసుకుని, ఏడు గీకేసి రెండు వేశాను. ఎక్కడా రాయలేదు. దానికీ చెప్పలేదు."

కమాండర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "బాగా అల్లారు! కూతుర్ని కాపాడుకోడానికి తండ్రి ఏదైనా చెప్తాడు. ఆ పటం ఓడలో ఉంది, ఓడ సముద్రంలో ఉంది. రుజువేది?"

"రుజువు మీ జేబులో ఉంది సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏ నకలులో, ఎక్కడ, ఏ అంకె మార్చారో మీకు తప్ప పురుగుకి కూడా తెలీదన్నారు. ఈయన ఇప్పుడు చెప్పారు. ఓడ నకలు, సందు మొదట, రెండుకి ఏడు. సీలు విప్పండి."

కమాండర్ కవరు తీశాడు. విప్పడానికి ఇష్టం లేనట్టు కాసేపు అటూ ఇటూ తిప్పాడు. చింపి చదివాడు. కాయితం బల్ల మీద పెట్టాడు: ఓడ నకలు, సందు మొదట, రెండుకి ఏడు.

"ఆ మూలకి ఏ ఓడా పోదనుకున్నాను," అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"గాలి తిరిగితే పోయేది అటేనండీ," అన్నాడు మాష్టారు.

మూడూ ఇరవై. ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. "అయితే తప్పులేని పటాలు లోకంలో రెండు. బీరువాలోది, ఓడలోది. బీరువా ఎవరూ తెరవలేదు. ఫొటో తీసింది ఓడ నకలుని, మాష్టారు దిద్దిన తర్వాత. ఊదా బోయా గుర్తు పేపర్లో లేదంటే, ఏ నకలో తెలియకుండా దాన్ని చెరిపేసి అచ్చేశారన్నమాట. ఇక ఒక్క ప్రశ్నే. ఆ పటం ఇక్కడికి తెచ్చిందెవరు?"

"నకలు ఓడ దాటి రాకూడదని కెప్టెన్‌కి గట్టిగా చెప్పి వచ్చానే!" అన్నాడు కమాండర్.

"ఓడలో వైర్‌లెస్ ఆపరేటరండీ," అన్నాడు మాష్టారు. "కెప్టెన్ గారు పంపారన్నాడు."

"చీటీ ఏమైనా ఇచ్చాడా?"

"లేదండీ. తెలిసిన మనిషే కదా అని నేనూ అడగలేదు. పదకొండూ ముప్పై అయిదుకి పటం చుట్టుకుని వెళ్ళిపోయాడు."

గేటు దగ్గరి పుస్తకం తెప్పించారు. లోపలికి పదకొండూ పద్దెనిమిది, బయటికి పదకొండూ ముప్పై ఆరు. ఓడకి ఫోను చేసి అడగడానికి లేదు కానీ, రేవు కాపలావాణ్ణి అడిగితే అతను ఓడెక్కింది ఒంటిగంటకి అని తేలింది. పది నిమిషాల నడక. మిగతా గంటా పద్నాలుగు నిమిషాలు ఆ పటం ఎక్కడ తిరిగిందో పక్క దేశం పేపరువాళ్ళకే తెలియాలి.

కమాండర్ అప్పటికే తలుపువైపు సగం దూరం వెళ్ళిపోయాడు. "వెంటనే కెప్టెన్‌కి సందేశం పంపిస్తాను. వాణ్ణి గొలుసులేసి..."

"ఆగండి సార్. ఆ సందేశం ఓడలో ఎవరు అందుకుంటారు?"

కమాండర్ ఆగాడు.

"సంకేతాల్లో పంపుతాం," అన్నాడు.

"ఆ సంకేతాలు విప్పేదెవరు?"

ఓడలో దొంగ ఉన్నాడని చెప్పాలంటే ముందు ఆ దొంగ చెవిలోనే చెప్పాలి. అరవై రెండు మందికీ ఈ భవనానికీ మధ్య ఉన్న ఒకే ఒక్క చెవి ఆ ఆపరేటరుది. కొత్త దారి పంపితే అది గంటలో పక్క దేశానికి చేరుతుంది. ఏమీ పంపకపోతే వాడికి అనుమానం వస్తుంది. వచ్చాక, ఆ ఓడలో వాడేం చేస్తాడో ఎవరు చెప్పగలరు?

"ఇంకో పడవలో మనిషిని పంపి, కెప్టెన్ చేతికే చీటీ ఇప్పిస్తే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మామూలు పడవకి మూడు రోజులు పడుతుంది."

"ఆ మూడు రోజులూ వాడు నిశ్చింతగా ఉండాలి. అంటే..." మిగతాది ఇన్‌స్పెక్టరు నోటికి రాలేదు. తప్పు చెయ్యని మనిషిని విడిపించడానికి గంటన్నర తన్నుకుని, తీరా విడిపించే వేళకి... ఛీ, ఏం ఉద్యోగం ఇది!

పక్క గదిలోంచి ఆమెను తీసుకొచ్చారు. జరిగిందంతా ఇన్‌స్పెక్టరే చెప్పాడు, ఏదీ దాచకుండా. ఆమె తండ్రివైపు చూసింది.

"నేను ఏడు వేశాననుకున్నావా నాన్నా?"

"నిద్రలేక..." అన్నాడు మాష్టారు.

"ఆ ఏడుకి అడ్డగీత ఉందా? అడ్డగీత లేకుండా నేనెప్పుడైనా వేశానా?" అంది. కోపంగానే అంది కానీ, ఆయన భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "మీరు చెప్పలేకపోతున్నది నేను చెప్పనా? దొంగ దొరికింది అని ఇప్పుడు ఓడకి చెప్పాలి. ఐదింటి వార్తల్లో నా ఫొటో రావాలి. అంతేనా?"

"మూడు రోజులే తల్లీ. తర్వాత నేనే వచ్చి..."

"ఈ మూడు రోజుల్లో మా వీధిలో వాళ్ళు ఏమంటారో మీకు తెలీదా? రేపు మీరు కాదని చెప్పినా సగం మంది నమ్మరు." ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఓడలో ఎంతమందున్నారన్నారు?"

"అరవై రెండు మంది."

"చంటిదానికి ఆరింటికీ, పదింటికీ మందు వెయ్యాలి నాన్నా. చేదుగా ఉందని ఉమ్మేస్తుంది, చెంచాతో నెమ్మదిగా పట్టు." అని, అప్పగింత కాయితం కోసం చెయ్యి చాపింది. "సంతకం ఎక్కడ పెట్టాలండీ?"

ఇన్‌స్పెక్టరు తన సంతకం కూడా పెట్టాడు. 'అనుమానం సబబే.' ఇరవై ఆరేళ్ళలో తెలిసి తెలిసి రాసిన మొదటి అబద్ధం అది. మూడూ యాభై రెండుకి ఆమె మెట్లు దిగి బండెక్కింది. కిందినుంచి తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

సరిగ్గా నాలుగింటికి అందరూ వైర్‌లెస్ గదిలో ఉన్నారు. ముందే రాసి ఉంచిన సందేశం వెళ్ళింది: దొంగ దొరికింది. పటం గీసిన స్త్రీ. కొత్త దారి రేపు పంపుతాం. అంతవరకూ అక్కడే ఉండండి.

అర నిమిషం ఏమీ లేదు. తర్వాత గదిలోని గుమస్తా చెవియంత్రం నొక్కిపట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. రాసింది విప్పి, అయోమయంగా చూసి, కమాండర్ చేతికిచ్చాడు. కమాండర్ చదివి ఇన్‌స్పెక్టరుకిచ్చాడు.

'సంతోషం. కెప్టెన్ అడుగుతున్నారు: పటాలు దిద్దే ముసలాయన్ని కూడా విచారించారా?'

ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివాడు. కెప్టెన్ పేరు చెప్పి ఆపరేటరే అడిగి ఉంటే, వాడు మాష్టారి నోటికి భయపడుతున్నాడన్నమాట. నిజంగా కెప్టెనే అడిగి ఉంటే? పటం ముసలాయన దగ్గరికి పోయిందని ఆయనకి తెలుసంటే, పంపింది ఆయనే. మూడు రోజుల తర్వాత చీటీ ఇవ్వాలనుకుంటున్నది ఆ చేతికే!

"ఒక నిమిషమే ఉంది సార్," అన్నాడు గుమస్తా. "ఏం జవాబివ్వమంటారు?"

కమాండర్ ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. అవునంటే ఒక గండం, కాదంటే ఇంకో గండం.

"విచారించాం అని పెట్టండి," అన్న మాట వాళ్ళ వెనకనుంచి వచ్చింది. మాష్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. "ముసలాడికి చూపు ఆనడం లేదు, బుధవారం ఎవరొచ్చారో కూడా గుర్తులేదన్నాడు, కూతురి మీద అందరికన్నా ముందు తనే ఫిర్యాదు రాసిచ్చాడు అని పెట్టండి."

గుమస్తా కమాండర్ వైపు చూశాడు. కమాండర్ తల ఊపాడు. సందేశం వెళ్ళింది. ముప్పై ఒక్కేళ్ళు తప్పు అంకె ఒక్కటి మిగలనివ్వని మనిషి గోడకి ఆనుకుని, తాను చెప్పిన మాట గుమస్తా చేతివేళ్ళ కిందనుంచి సముద్రం మీదికి వెళ్ళడం చూస్తూ నిలబడ్డాడు.

ఇంకో పది సెకన్లుండగా ఓడనుంచి ఒకే మాట వచ్చింది.

'అర్థమైంది.'

ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది. నమ్మినట్టో, నమ్మనట్టో, అసలు ఆ మాట అన్నది ఎవరో, ఆ గదిలో ఒక్కరికీ అర్థం కాలేదు.